పట్టు తప్పిన చక్రము

కృష్ణా డెల్టాలో కాలువ ప్రక్కన బాట యుండును, బాట ప్రక్కన కాలువ యుండును. రెండింటిలో ఏది ముందు పుట్టినదని అడిగినచో పెక్కుచోట్ల కాలువయే ముందు పుట్టినదని చెప్పవలెను. కాలువ త్రవ్విన మట్టిని గట్టుగా పోసిరి. ఆ గట్టు మీద మొదట మనుష్యులు నడచిరి, పిమ్మట బండ్లు నడచినవి, నేడు మోటారు కార్లు నడచుచున్నవి. ఇట్టి దారి మీద చక్రము పట్టు తప్పుట యనగా పొలములోనికి దిగిపోవుట మాత్రమే కాదు, నీటిలోనికి దిగిపోవుట. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల వారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

నేటి కార్లలో చక్రము పట్టు తప్పినపుడు తెలియజేయుటకొక చిన్న పసుపుపచ్చని దీపమున్నది. డాష్‌బోర్డు మీద కారు బొమ్మయు, దాని క్రింద పాము ప్రాకినట్లు రెండు వంకర గీతలును కనిపించును. ట్రాక్షన్ కంట్రోల్ దీపమని దానిని పిలుచుచున్నారు. ఈ దీపము వెలిగినపుడు మనము చేయవలసిన దేమి, చేయకూడని దేమి యను ప్రశ్నకు జవాబు చెప్పుటకై మేము కొంత వెనుకకు పోవలసియున్నది. ఏలయన ఆ దీపము చేయు పనిని పూర్వము బండి తోలువాడు చేయుచుండెను.

ఎద్దుబండిలో ఒక విశేషము కలదు. దాని చక్రము బండిని నడపదు. బండి చేత నడపబడును. ఇరుసు కదలక నిలిచియుండును. రెండు చక్రములును దాని కొనల మీద ఎవరి దారి వారిదన్నట్లు తిరుగును. బండిని ముందుకు తీసికొనిపోవు పట్టంతయు ఎద్దుల గిట్టలలో నున్నది. అందుచేతనే రోడ్డు మీద పని చేయు ఎద్దులకు నాడాలు కొట్టించిరి. బండి దిగబడవచ్చును గాని చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగుట యను విపత్తు ఎద్దుబండికి లేదు. గిట్ట జారిన క్షణమున తోలువానికి పగ్గములోనే తెలియును. ఇరుసుకు కందెన తక్కువైనచో చక్రము కీచుమనును. శీల వదులైనచో చక్రము చప్పుడు మారును. వాడు చెవితో వినెను, చేతితో కనిపెట్టెను, దిగి చూచెను. హెచ్చరికకును మనిషికిని నడుమ మరొక వస్తువు లేదు.

అట్లయినను రేగడి బురద ముందు ఎద్దులును ఓడిపోయినవి. వానాకాలమున డెల్టా గ్రామములు దీవులుగా మారుచుండెను. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన నాడును, అంతకు కొలది సంవత్సరముల ముందు డచ్చివారు దిగిన నాడును, ఈ పట్టణపు ఐశ్వర్యము సముద్రము మీద నడచినది గాని మట్టిబాటల మీద నడచినది కాదు. బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆర్థర్ కాటన్ దొర యోచన ననుసరించి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున అది లేచినది. దాని వలన కలిగిన కాలువలు పొలములకు నీరిచ్చుట యొక్కటే కాదు, పడవలకు దారియు నిచ్చినవి. బురదలో చక్రము పోలేనిచోట నీటి మీద పడవ పోయినది. అయితే ఆ పడవనైనను గాలి లేనపుడు గట్టు మీద నడచుచు మనుష్యులే త్రాటితో లాగిరి. పట్టు ఎద్దుల గిట్టల నుండి మనుష్యుల పాదములకు మారినది, అంతే.

అసలు చిక్కు ఇంజనుతో వచ్చినది. ఇంజను చక్రమునే త్రిప్పును. అనగా ఇన్నాళ్ళు గిట్టలు మోసిన భారము నంతటిని చక్రమే మోయవలసి వచ్చినది. మలుపు తిరుగునపుడు లోపలి చక్రము కొద్ది దూరమును, వెలుపలి చక్రము ఎక్కువ దూరమును పోవలెను. రెండింటిని ఒకే ఇరుసుకు బిగించినచో బండి సరిగా తిరుగదు. దీనికి ఉపాయముగా ఒనెసిఫోర్ పెకర్ అను ఫ్రెంచి గడియారముల పనివాడు 1827లో ఆవిరి బండి కొరకు డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల అమరికకు పేటెంటు పొందెను. నేటికిని కార్లలో నున్నది ఆ సూత్రమే.

కాని ఆ ఉపాయములోనే ఒక లోపము దాగియున్నది. డిఫరెన్షియల్ రెండు చక్రములకును సమానమైన త్రిప్పుడు బలము నిచ్చును. ఒక చక్రము గట్టి నేల మీదను, రెండవది బురదలోను ఉన్నదనుకొనుడు. బురదలోని చక్రమును త్రిప్పుటకు స్వల్పబలము చాలును. కనుక గట్టి నేల మీది చక్రమునకును అంత స్వల్పబలమే దక్కును. ఒకటి ఊరక గిరగిర తిరుగును, రెండవది కదలదు. కారు నిలిచిపోవును. దివిసీమ పల్లెదారులలో అంబాసిడరు కారు దిగబడినపుడు చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. 1950ల చివర మొదలై 2014 వరకు తయారైన ఆ కారులో బలము వెనుక చక్రములకు పోవుచుండెను. వెనుక కూర్చుండిన పెద్దలు దిగిపోగానే ఆ చక్రముల మీది బరువు తగ్గి పట్టు మరింత సడలుచుండెను! అప్పుడు చక్రము క్రింద వరిగడ్డి పరచుటయో, గోనెసంచి దూర్చుటయో, పదిమంది భుజము పట్టుటయో జరిగెడిది. 1983 చివర వచ్చిన మారుతి 800లో బలము ముందు చక్రములకు పోవును. ఇంజను బరువు వానిమీదనే యుండును గనుక కొంత మేలు కలిగినది.

పొలములో మాత్రము రైతు ఈ చిక్కును వేరొక విధముగా విడదీసినాడు. దమ్ము చేయునపుడు ట్రాక్టరుకు ఇనుప బద్దల కేజ్‌వీల్స్ తగిలించినాడు. అవి బురదను చీల్చి పట్టుకొనును. కాని అదే చక్రములతో ట్రాక్టరు తారు రోడ్డెక్కినచో రోడ్డు చెడును. అందుకే అధికారులు దానిని నిషేధించుచుందురు. దీనివలన మనకు తెలియున దేమనగా, అన్ని నేలలకు సరిపడు చక్రము లేదు. నేల మారినపుడు చక్రము నడక మారవలెను. అందుకు ముందుగా నేల మారిన సంగతి ఎవరో కనిపెట్టవలెను.

ఆ కనిపెట్టు పని మొదట విమానములకు కావలసివచ్చినది. దిగుచున్న విమానము బ్రేకు వేయగా చక్రము బిగిసిపోయి జారినచో ప్రమాదము. 1920లలో గాబ్రియేల్ వాజఁ అను ఫ్రెంచి విమాన నిర్మాత దీనికి ఒక ఉపాయము పన్నెను. 1950ల మొదట ఇంగ్లండులో డన్‌లప్ వారు మాక్సరెట్ అను పరికరమును విమానములకు అమర్చిరి. 1966లో జెన్సన్ ఎఫ్.ఎఫ్. అను కారులో అది చేరినది. ఇవి బ్రేకు వేసినపుడు చక్రము బిగియకుండ చూచునవి. ఇంజను బలమునకు చక్రము ఊరక తిరుగుటను ఆపు యత్నమును అమెరికాలో బ్యూక్ కంపెనీ 1971లో మాక్స్‌ట్రాక్ అను పేర చేసెను. జర్మనీలో బాష్ కంపెనీ వారి ఎలక్ట్రానిక్ ఎ.బి.ఎస్. 1978లో మెర్సిడిస్ కారులో వచ్చినది. దానికి తోడుగా ట్రాక్షన్ కంట్రోల్ 1986లో వచ్చినది. కారు అడ్డముగా తిరిగిపోకుండ కాపాడు ఇ.ఎస్.పి. 1995లో వచ్చినది. మన దేశమున కొత్త కార్లన్నిటికిని ఎ.బి.ఎస్. తప్పనిసరి యైనది 2019 ఏప్రిల్ నుండి.

ఇది పని చేయు తీరు వినుటకు కష్టమైనను తెలియుటకు సులభము. ప్రతి చక్రము వద్దను ఒక సెన్సారు ఉన్నది. చక్రముతోపాటు తిరుగు పళ్ళ వలయమునో, బేరింగు సీలులో నిమిడిన అయస్కాంత వలయమునో అది కనిపెట్టుచుండును. వలయము తిరిగిన కొలది సెన్సారు నుండి విద్యుత్తు స్పందనములు పోవును. కారులోని చిన్న కంప్యూటరు నాలుగు చక్రముల లెక్కలను సరిపోల్చును. మూడు నెమ్మదిగా తిరుగుచుండగా ఒకటి వేగముగా తిరిగినచో అది జారుచున్నదని గ్రహించి, దానికి మాత్రమే బ్రేకు వేయును. అవసరమైనచో ఇంజను బలమును తగ్గించును. బ్రేకు పడిన చక్రము బరువెక్కినట్లగును గనుక, డిఫరెన్షియల్ బలము గట్టి నేల మీది చక్రమునకు దక్కును. పదిమంది భుజము పట్టి చేసిన పనిని క్షణములో పదవవంతు కాలమున ఒక పరికరము చేయుచున్నది.

ఇప్పుడు దీపము సంగతి. వాన కురిసిన రోడ్డు మీద ఈ దీపము మిణుకు మిణుకుమని ఆరిపోయినచో భయపడనక్కరలేదు. చక్రము జారినది, పరికరము దానిని పట్టుకొన్నది అని అర్థము. అది "జాగ్రత్త, నేల మారినది" అని చెప్పుట. వేగము తగ్గించుకొనవలెను. కాని దీపము ఆరక నిలిచి వెలిగినచో పరికరము తన పని మానుకొన్నదని అర్థము. ఒకప్పుడు ఎవరి వ్రేలో తగిలి దానిని ఆపు మీట నొక్కబడి యుండును. అది మొదట చూచుకొనవలెను. మీట కారణము కానిచో ఎక్కడనో లోపమున్నది. మామూలు బ్రేకులు సాధారణముగా పని చేయును గాని, జారినపుడు ఆదుకొను తోడు లేదు. దానితోపాటు ఎర్రని బ్రేకు దీపము కూడ వెలిగినచో కారు ముందుకు పోనీయక నిలిపివేయుట మంచిది.

మా అనుభవ మొకటి చెప్పెదము. ఒక కార్తీక మాసమున బెస్తవారి పాటలు రికార్డు చేసికొనుటకై మేము నాగాయలంక పోయితిమి. తిరుగు ప్రయాణమున చల్లపల్లి దాటిన పిమ్మట ఈ పసుపు దీపము వెలిగి నిలిచినది, ప్రక్కనే ఎ.బి.ఎస్. దీపమును వెలిగినది. బాట ప్రక్కన నిండు కాలువ. పైన వాన. మా డ్రైవరు అనుభవశాలియే. "దాని మీద నల్ల టేపు అంటిస్తే సరిపోతుందండీ, బండి బాగానే నడుస్తోందిగా" అనెను. దారిలో ఒక షెడ్డులో చూపించితిమి. అచటివారు కారు క్రిందికైనను వంగి చూడక, కంట్రోలు పెట్టె మొత్తము మార్చవలెననిరి. చెప్పిన మొత్తము మా ప్రయాణపు బత్తెమునకు పెక్కు రెట్లు. మేము వందనము చెప్పి గుడివాడ చేరితిమి.

గుడివాడలో ఒక వృద్ధ మెకానిక్కు కారు చూచెను. ముందుగా ఆయన పనిముట్టు పట్టలేదు, ప్రశ్నలు వేసెను. బ్యాటరీ ఈ మధ్య మార్చితిరా? టైర్లు మార్చితిరా? బేరింగు మార్చితిరా? కారణము తరువాత చెప్పెను. బ్యాటరీ శక్తి తగ్గినను ఈ దీపము వెలుగును. బ్యాటరీ తీసి పెట్టినపుడు కొన్ని కార్లలో స్టీరింగు నడిమి స్థానము కంప్యూటరు మరచిపోవును. ఒక టైరు తక్కిన మూడింటి కన్న చిన్నదైనను, గాలి తక్కువైనను, ఆ చక్రము వేగముగా తిరుగును; కంప్యూటరు దానిని జారుట యని పొరబడును. అయస్కాంత వలయము గల బేరింగును త్రిప్పి బిగించినచో సెన్సారుకు ఏమియు కనిపించదు.

మేము ఏదియు మార్చలేదంటిమి. ఆయన టైర్ల గాలి కొలిచి, బ్రేకు నూనె మట్టము చూచి, పిమ్మట స్టీరింగు క్రింది పోర్టుకు స్కానరు తగిలించెను. కోడు వచ్చినది: వెనుక ఎడమ చక్రము సెన్సారు. "అయితే సెన్సారు కొనవలెనా?" యని మేము అడిగితిమి. ఆయన నవ్వి, "కోడు జబ్బు పేరు చెప్పదండీ, జబ్బున్న వీధి పేరు చెబుతుంది. ఇల్లు మనమే వెతుక్కోవాలి" అనెను.

కారును మెల్లగా నడిపించి స్కానరులో నాలుగు చక్రముల వేగములు చూపించెను. మూడు చక్రములు ఇరవై అని చూపుచుండగా నాలుగవది సున్నకును ఇరవైకిని నడుమ ఎగిరి పడుచుండెను. సెన్సారు పూర్తిగా చచ్చిపోయినచో ఎల్లప్పుడు సున్నయే చూపుట పరిపాటి. ఇట్లు వచ్చి పోవుచున్నదనగా వైరునో, జోడింపునో అనుమానించవలెనని చెప్పెను. జాకీతో లేపి, చక్రము విప్పి, ఎండిన బురదను నీటితో కడిగి, వైరును వ్రేళ్ళతో తడుముకొనుచు పోయెను. కనెక్టరు విప్పగానే లోపల పచ్చని చిలుము కనిపించినది. దివిసీమ బురదయు, సముద్రపు ఉప్పుగాలియు కలిసి చేసిన పని అది. చిలుము గీకి, తుడిచి, మరల తడి చొరకుండ దానికి తగిన గ్రీజు పూసి మూసెను. అప్పుడు మాత్రమే స్కానరుతో కోడు తుడిచివేసెను. కొంత దూరము నడిపిన పిమ్మట రెండు దీపములును ఆరినవి. ఆయన తీసికొన్న కూలి ఒక చీరకు చాలదు. మేము మా డ్రైవరు చెప్పిన టేపు మాట ఆయనకు చెప్పగా, "దీపం తీసెయ్యమంటారా, జబ్బు తీసెయ్యమంటారా అని ముందే అడగాల్సిందండీ" అనెను.

ఇంకొక మాటయు ఆయనే చెప్పెను. లోతు బురదలో కారు దిగబడినపుడు ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను బలమును మరీ తగ్గించివేయును. అట్టిచోట మీటతో దానిని ఆపి, మెల్లగా బయటపడి, రోడ్డెక్కగానే మరల పని చేయించవలెను. తెలిసి ఆపుట వేరు, తెలియక కప్పుట వేరు.

ఈ భేదము మచిలీపట్టణమునకు కొత్తది కాదు. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్టణమును తుపానులు ముంచినవి. మచిలీపట్టణ ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. ఆ సంవత్సరపు వినాశముల పిమ్మట 1865లో కలకత్తా రేవున తుపాను హెచ్చరిక ఏర్పాటు మొదలైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. నేడు బందరు రేవులో ఎగురవేయు ప్రమాద సూచికలకు వెనుక ఆ మృతుల కథ యున్నది. ఎగురవేసిన సూచికను దించినంత మాత్రమున తుపాను తిరిగిపోదు. డాష్‌బోర్డు దీపమును అటువంటి సూచికయే.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది పోయిరి. హెచ్చరిక వెలువడుట వేరు, అది కడపటి యింటికి అందుట వేరు, అందినదానిని నమ్మి కదలుట వేరు. ఈ మూడింటి నడుమ ఎంత దూరమున్నదో ఆ రాత్రి తెలిసినది. మరునాడు సహాయము తెచ్చు లారీలకు కూలిన చెట్లును, తెగిన రోడ్లును, బురదయు అడ్డుపడినవి. చక్రమునకు పట్టు లేనిచోట బియ్యపు బస్తా కూడ ఆలస్యముగానే చేరును. 1990 మే నెలలో ఇదే తీరమున మరియొక భయంకరమైన తుపాను దిగినది. ఆ మారు లక్షకు పైగా జనమును ముందుగనే తరలించిరి. ప్రాణనష్టము వెయ్యికి లోపుగా నిలిచినది. అదియును తక్కువ కాదు. కాని పదమూడేండ్ల నడుమ సముద్రము మారలేదు, హెచ్చరికను చదివిన తీరు మారినది.

రేడియోలో పని చేయు మాకు హెచ్చరికలు చదువుట నిత్యకృత్యము. ఎన్నడును ఏమియు జరుగని హెచ్చరికలు పెక్కు చదివితిమి. విని విసుగుకొన్నవారును పెక్కురు. ఆ విసుగులోనే ప్రమాదమున్నది. కారు దీపము విషయమునను అంతే. పది మార్లు చిన్న కారణమునకే వెలుగును: గాలి తక్కువ, చిలుము, బలహీనమైన బ్యాటరీ. కాని పదునొకండవ మారు ఎట్టిదో చూచువరకు తెలియదు.

పూర్వపు బండివాడు చక్రము చప్పుడు మారగానే దిగి చూచెను. మన చెవి పనిని సెన్సారు చేయుచున్నది, మన చేతి పనిని కంప్యూటరు చేయుచున్నది. దిగి చూచు పని మాత్రము మనకే మిగిలియున్నది. దీపము వెలిగినపుడు ఆ పని చేయుదము. వాన కురియుచుండును, కాలువ నిండుగా పారుచుండును, ఇంటివద్ద మన కొరకు ఎవరో దీపము పెట్టుకొని కూర్చుండి యుందురు.